తెనాలిలో మోగిన న్యూజెర్సీ నంబరు

ఈ పెట్టె తన కథను ‘నేను’ అని మొదలుపెట్టదు. ఫోనులో మాట్లాడుకునేది ఇద్దరు. వాళ్ల మధ్య కూర్చున్నదానికి ఆ మాట వాడుకునే సందర్భం ఎప్పుడూ రాలేదు. అందుకే తన గురించి చెప్పుకోవలసి వచ్చినా ‘ఈ పెట్టె’ అనే చెప్పుకుంటుంది.

ఆకారం ఎంతో లేదు. అరచేతిలో ఇమిడే నల్లటి ప్లాస్టిక్ డబ్బా. వెనక ఫోను వైరు గుచ్చడానికి రెండు రంధ్రాలు, ఇంటర్నెట్ వైరుకు ఒకటి, కరెంటుకు ఒకటి. ముందువైపు నాలుగు చిన్న దీపాలు. తెలిసినవాళ్లు దీన్ని ఫోన్ అడాప్టర్ అంటారు. తెనాలిలో అమ్మగారు మాత్రం మొదటిరోజు నుంచి ‘అమెరికా పెట్టె’ అనే పిలిచారు. మామూలు ఫోనులోంచి వచ్చే మాటను సెకనుకు యాభై ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద చిరునామా వేసి ఇంటర్నెట్‌లోకి వదలడం, అటునుంచి వచ్చిన ముక్కల్ని వరస తప్పకుండా పేర్చి మళ్లీ మాటగా వినిపించడం దీని పని.

2007 వేసవిలో ఈ పెట్టె న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక అపార్ట్‌మెంటుకు చేరింది. ఓక్ ట్రీ రోడ్డు మీద మన పచ్చళ్లు, పప్పులు, చీరలు దొరికే ఊరది. ఆ ఇంటి అమ్మాయిది తెనాలి. కంపెనీ ఈ పెట్టెకు 732తో మొదలయ్యే నంబరు ఇచ్చింది. 732 అంటే ఎడిసన్ చుట్టుపక్కల ప్రాంతపు కోడు. రెండు వారాలు వంటింటి గట్టు మీద ఉందో లేదో, ఒకరోజు అమ్మాయి దీన్ని రెండు తువ్వాళ్లలో చుట్టి, పిల్లల చాక్లెట్ల పక్కన సూట్‌కేసులో పెట్టింది. కొన్న అట్టపెట్టె మాత్రం ఎడిసన్‌లోనే అలమర మీద ఉండిపోయింది. అందులో ఇంగ్లీషులో అచ్చువేసిన చిన్న స్టిక్కరు ఒకటుంది. దాని సంగతి తర్వాత వస్తుంది.

తెనాలిలో అమ్మాయి నాన్నగారైన మాస్టారు పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. దీని కరెంటు అడాప్టరు మీద 120 వోల్టులని రాసి ఉంది. మన గోడలో ఉండేది 230. గుచ్చితే క్షణంలో మాడిపోయేదే. లెక్కల మాస్టారు కనుక ఆ అంకె ఆయన కంట పడింది. మర్నాడే విజయవాడ వెళ్లి మన కరెంటుకు సరిపోయే 5 వోల్టుల అడాప్టరు కొనుక్కొచ్చారు. అది బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ పక్కనే గుచ్చారు. నాలుగో దీపం వెలిగింది. అమ్మగారు రిసీవరెత్తి చెవిన పెట్టుకుని, “ఇదేంటండీ, వేరే రకంగా గుయ్‌మంటోంది?” అన్నారు.

ఆవిడ విన్నది నిజమే. ప్రతి దేశానికీ తనదైన డయల్ టోన్ ఉంటుంది. అమెరికాది 350, 440 హెర్ట్‌జుల రెండు స్వరాలు కలిసిన ధ్వని. మోగడంలోనూ తేడా ఉంది. మన ఫోను ట్రింగ్-ట్రింగ్ అని జంటగా మోగి రెండు సెకన్లు ఆగుతుంది. అమెరికా ఫోను రెండు సెకన్లు ఒకే సాగదీతగా మోగి, నాలుగు సెకన్లు మౌనంగా ఉంటుంది. ఈ పెట్టెకు గుచ్చిన ఫోను తెనాలి కొట్లో కొన్నదే, కానీ మోగించే కరెంటు ఈ పెట్టె పంపేది కనుక అది అమెరికా తీరులోనే మోగేది. దాంతో పెరట్లో బట్టలారేస్తున్న అమ్మగారికి మోత వినగానే ఏ ఫోనో తెలిసిపోయేది. జంట మోతైతే మాస్టారిని పెరట్లోంచే కేకేసేవారు. సాగదీతైతే చేతిలో తడిబట్ట అలాగే దండెం మీద పడేసి పరుగెత్తేవారు.

నంబరు న్యూజెర్సీది, ఫోను తెనాలిది. ఇదెలా సాధ్యమని వీధిలో చాలామంది మాస్టారిని అడిగారు. ఆయన ఓపిగ్గా చెప్పేవారు. పాతకాలం ఫోను నంబరంటే ఎక్స్ఛేంజీ నుంచి ఇంటిదాకా వేసిన రాగి తీగ. ఇల్లు కదిలితే నంబరు పోతుంది. ఈ పెట్టె నంబరు తీగలో లేదు, అమెరికాలో ఎక్కడో ఒక సర్వర్‌లో ఉన్న ఖాతాలో ఉంది. పెట్టె ఏ దేశంలో ఇంటర్నెట్‌కు తగిలించినా మొదట ఆ సర్వర్‌కు ‘ఫలానా ఖాతా ఇప్పుడిక్కడ ఉంది’ అని కబురు పంపుతుంది. ఆ తర్వాత ప్రతి అరనిమిషానికీ ఒక చిన్న ముక్క పంపుతూనే ఉంటుంది, లేకపోతే మధ్యలో ఉన్న రూటరు దారి మూసేస్తుంది. ఎడిసన్‌లో ఎవరైనా ఆ నంబరు తిప్పితే వాళ్లకది లోకల్ కాల్. ఆ అరనిమిషపు కబుర్లను ఈ పెట్టె పన్నెండేళ్లు పంపింది. ఎవరూ వినని మాటే అయినా, అది ఆగిపోయుంటే మిగతావేవీ వినపడేవి కావు.

మాస్టారు ఇంకో సంగతి కూడా చెప్పేవారు. 1999లో అమ్మాయి ఎంఎస్‌కి వెళ్లినప్పుడు ఆయన ఐఎస్‌డీ బూతుకు వెళ్లి మాట్లాడేవారు. అద్దాల గది, ఎదురుగా ఎర్రటి అంకెలు పరుగెత్తే మీటరు, అయ్యాక రశీదు. నిమిషానికి పదుల రూపాయలు. అప్పట్లో విదేశీ కాల్స్ మొత్తం వీఎస్ఎన్ఎల్ ఒక్కదాని చేతిలోనే ఉండేవి. ఆ గుత్తాధిపత్యం 2002 ఏప్రిల్ 1న పోయింది. ఇంటర్నెట్ మీద ఫోను మాట్లాడుకోవడానికి మనదేశంలో అనుమతి వచ్చింది కూడా ఆ రోజే. “మీటరు చూస్తూ మాట్లాడితే కుశలప్రశ్నలు తప్ప ఏం మాట్లాడతామయ్యా?” అనేవారు మాస్టారు. “బాగున్నావా, తిన్నావా, డబ్బులున్నాయా. మూడు ప్రశ్నలకు మూడు నిమిషాలు. పిల్ల బెంగగా ఉందేమో అని అడిగే లోపు అంకె మారిపోయేది.”

ఈ పెట్టె వచ్చిన ఇంట్లో ఆ మీటరు లేదు. అయితే ఇంకో మీటరు ఉంది. మాస్టారు తీసుకున్న బీఎస్ఎన్ఎల్ ప్లానులో నెలకు 1 జీబీ దాకానే. మాటను నొక్కకుండా పంపితే పెట్టెకు ఒక్కోవైపు సెకనుకు దాదాపు 87 కిలోబిట్లు కావాలి. రెండువైపులా కలిపి గంట మాట్లాడితే సుమారు 80 ఎంబీ. రోజూ గంటంటే రెండు వారాలకే ఆ జీబీ అయిపోతుంది. మాస్టారు కాగితం మీద లెక్కేసి అమ్మాయికి చెప్పారు. అమ్మాయి అక్కడి నుంచే ఖాతాలోకి వెళ్లి, మాటను బాగా నొక్కి పంపే పద్ధతికి మార్చింది. వాడకం మూడోవంతుకు దిగింది. ఆ సాయంత్రం అమ్మగారు మొదటి మాటలోనే, “జలుబు చేసిందేంటే తల్లీ? గొంతు అదోలా ఉంది. మిరియాల పాలు తాగావా?” అన్నారు.

అమ్మాయికి జలుబేమీ లేదు. సెకనుకు 64 వేల బిట్లతో చెప్పే గొంతును 8 వేలలో కుదించి చెప్పడం ఈ పెట్టెకు వచ్చు. మాటలన్నీ అర్థమయ్యేలా చెప్పగలదు. కానీ మాట చివర ఆడపిల్ల గొంతులో ఉండే తడి ఆ 8 వేలలో పట్టదు. ఇరవై ఏళ్లు పెంచిన తల్లి చెవి దాన్ని వెంటనే పట్టేసింది. మర్నాడే పాత పద్ధతికి మార్చేశారు. డేటా సంగతి ఇంకోలా తేలింది. ఆ ప్లానులో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా వాడింది లెక్కలోకి రాదు. మనకు తెల్లవారుజామున 5 అయితే ఎడిసన్‌లో వేసవిలో ముందురోజు రాత్రి ఏడున్నర. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసుకునే వేళ. అలా ఈ ఇంట్లో తెల్లారుజాము ఐదు గంటలు అమ్మాయి వేళగా స్థిరపడింది. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పగానే ఫోను ఆరింటికి మోగేది. అమ్మగారు రెండ్రోజులు ఐదింటికే లేచి కాఫీ కలుపుకుని ఎదురుచూసేవారు.

రాత్రిపూట ఈ నంబరుకు వేరే బాధలుండేవి. నంబరు న్యూజెర్సీది కాబట్టి అక్కడి అమ్మకాల కాల్స్ అన్నీ దీనికీ వచ్చేవి. అవి అక్కడ మధ్యాహ్నం చేస్తే తెనాలిలో అర్ధరాత్రి మోగేవి. 2008 అక్టోబరులో ఎన్నికల ప్రచారపు రికార్డు గొంతులు రాత్రంతా నిద్ర లేకుండా చేశాయి. అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. పడుకునే ముందు రిసీవరెత్తి స్టార్ 78 నొక్కితే పెట్టె ఇంక మోగదు. లేచాక స్టార్ 79 నొక్కితే మళ్లీ మోగుతుంది. మాస్టారు రాత్రి తొమ్మిదింటికి తలుపు గడియ పెట్టి, గ్యాసు సిలిండరు కట్టేసి, స్టార్ 78 నొక్కి పడుకునేవారు. ఉదయం నాలుగూ నలభై అయిదుకు స్టార్ 79. ఆ వేలి బరువు ఈ పెట్టెకు బాగా తెలుసు. 7 మీద ఎప్పుడూ కొంచెం ఎక్కువసేపు ఆగేది.

అంత దూరం నుంచి వచ్చే మాటకు ఆలస్యం తప్పదు. తెనాలికీ ఎడిసన్‌కూ ఆకాశమార్గంలో దాదాపు 13 వేల కిలోమీటర్లు ఉంటుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే నేరుగా తీగ వేసినా 65 మిల్లీసెకన్లు. తీగలు నేరుగా లేవు. సముద్రాల అడుగున, ఎర్ర సముద్రం, మధ్యధరా, అట్లాంటిక్ చుట్టుకుని పోతాయి. ముక్కలు చేయడానికి, అక్కడ పేర్చడానికి ఇంకొంచెం సమయం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మనిషికి తెలియదని అంతర్జాతీయ టెలికం సంఘం లెక్క. ఈ పెట్టె ఆ గీత దగ్గరే ఊగిసలాడేది. దాటిన రోజున ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, “నువ్వు చెప్పు”, “లేదు నాన్నా, మీరే చెప్పండి” అనుకునేవారు. కొన్నాళ్లకు మాస్టారు మాట పూర్తయ్యాక “ఆఁ” అని చిన్నగా అనడం అలవాటు చేసుకున్నారు. బడిలో పిల్లవాడు లెక్క చేశాక పలక తిప్పి చూపించినట్టు, ఆ “ఆఁ” వింటే ఇక తన వంతని అమ్మాయికి అర్థమయ్యేది.

2008 జనవరి 30న ఈ పెట్టెకు ఆ తీగల సంగతి గట్టిగా తెలిసొచ్చింది. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు కేబుళ్లు తెగాయి. భారతదేశం నుంచి పడమటికి వెళ్లే ఇంటర్నెట్‌లో చాలా భాగం ఆ దారినే పోయేది. మర్నాడు తెల్లారుజామున ఆరింటికి ఫోను మోగింది, కానీ ముక్కలు సగం రాలేదు. వచ్చినవి వరస తప్పి వచ్చాయి. ఆలస్యమైన ముక్కను పారేయడం తప్ప ఈ పెట్టె చేయగలిగింది లేదు. “అ... పి... రం... వచ్చిం...” అని వినపడింది. పిల్లాడికి జ్వరం వచ్చిందని అమ్మగారికి అర్థమైంది, ఎంత జ్వరమో అర్థం కాలేదు. మాస్టారు బీఎస్ఎన్ఎల్ ఫోను నుంచి ఐఎస్‌డీ చేశారు. ఆ తర్వాత కొన్ని రోజులకు ట్రాఫిక్ తూర్పువైపు సింగపూర్ మీదుగా తిరిగింది. పిల్లాడికి అప్పటికి తగ్గిపోయింది.

కరెంటు పోయినప్పుడూ అంతే. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే రాగి తీగలో 48 వోల్టులు ఉంటాయి, అక్కడి బ్యాటరీలు పనిచేస్తున్నంతసేపు ఇంట్లో చీకటైనా పాత ఫోను పలుకుతుంది. ఈ పెట్టెకూ మోడెముకూ ఇంటి కరెంటే దిక్కు. కోతల వేసవిలో మాస్టారు ఇన్వర్టరు కొన్నారు. ఫ్యానుకన్నా ముందు ఈ రెంటికీ వైరు లాగించారు.

ఇప్పుడు ఆ స్టిక్కరు సంగతి.

2011 మే నెలలో ఒక రాత్రి మాస్టారికి గుండెలో నొప్పి వచ్చింది. చెమటలు పట్టి మంచం అంచున కూర్చుండిపోయారు. అమ్మగారు చేతికందిన రిసీవరెత్తి 108 నొక్కారు. అది మంచం పక్కనున్న ఫోను. అంటే ఈ పెట్టె ఫోను. ఆ మూడు అంకెలు ఈ పెట్టెకు చేరాయి. 108 అనేది ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన అంబులెన్సు నంబరు. న్యూజెర్సీ ఖాతాలో ఉన్న పెట్టెకు అది సగం నొక్కిన నంబరు మాత్రమే. మిగతా అంకెల కోసం కొన్ని సెకన్లు ఎదురుచూసింది. రాలేదు. ఉన్నవాటినే సర్వర్‌కు పంపింది. అటునుంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా, మర్యాదగా, ఈ కాల్ కలపలేమని ఇంగ్లీషులో చెప్పింది. అమ్మగారు “అమ్మా, తెనాలండీ, అంబులెన్సు కావాలి” అని ఆ రికార్డు గొంతుకు రెండుసార్లు చెప్పారు.

పన్నెండేళ్లలో ఈ పెట్టె అసలేమాత్రం మోసుకెళ్లలేకపోయిన మాట అదొక్కటే.

హాల్లో బీఎస్ఎన్ఎల్ ఫోను గుర్తొచ్చి అమ్మగారు అటు పరుగెత్తారు. అంబులెన్సు వచ్చింది. గుంటూరులో స్టెంటు వేశారు. మాస్టారు పది రోజుల తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఇంటికొచ్చిన రోజున అమ్మగారు మనవడి నోటుబుక్కులోంచి కాగితం చింపి, ‘దీంట్లో 108 రాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, అన్నం మెతుకులతో ఆ ఫోనుకు అతికించారు.

ఎడిసన్ అలమర మీద అట్టపెట్టెలో ఉండిపోయిన స్టిక్కరు మీద దాదాపు అదే రాసి ఉంది. ఇంటర్నెట్ ఫోనుకు తను ఎక్కడుందో తనకే తెలియదు. ఖాతాలో రాసిన చిరునామాయే దానికి ఇల్లు. తెనాలిలో 911 నొక్కితే అంబులెన్సు ఎడిసన్ అపార్ట్‌మెంటు గుమ్మం ముందు ఆగుతుంది. అందుకే అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2005లో కంపెనీలన్నింటికీ ఆజ్ఞ ఇచ్చింది. వాడేవాళ్ల చిరునామా నమోదు చేయాలి, అత్యవసర కాల్స్‌కున్న పరిమితుల గురించి హెచ్చరిక స్టిక్కర్లు ఇవ్వాలి అని. విదేశాలకు ఇలాంటి పెట్టె పంపే ప్రతి కొడుకూ కూతురూ ఆ స్టిక్కరును వాళ్ల భాషలో మళ్లీ రాసి పంపాలి. అక్కడి అత్యవసర నంబరుకు వేరే ఫోను చేతికందేలా ఉందో లేదో చూసుకోవాలి. ఈ పెట్టె మనస్ఫూర్తిగా కోరుకునేది ఏదైనా ఉంటే అదే.

వెనక ఇంటి అబ్బాయి దుబాయ్‌లో ఏసీ మెకానిక్కు. ఒకసారి సెలవుకొచ్చి, ఇలాంటిది తనకూ కావాలన్నాడు. మాస్టారు అమ్మాయిని కనుక్కుని కుదరదని చెప్పారు. యూఏఈలో ఇంటర్నెట్ మీద ఫోను సేవ అందించే అధికారం ఎటిసలాత్, డూ అనే రెండు సంస్థలదే. స్కైప్ లాంటివాటితో కాల్స్ అక్కడ కలిసేవి కావు. తర్వాత్తర్వాత అతను నెలకు 50 దిర్హాములు కట్టి, అనుమతి ఉన్న బోటిమ్ యాప్‌లో భార్యాపిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. సౌదీ 2017 సెప్టెంబరులో ఇలాంటి కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫుకెళ్లిన ఎన్ని కుటుంబాలకు ఆ ఒక్క ఆజ్ఞ ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఈ పెట్టె ఊహించగలదు. మన దేశంలోనూ నియమాలుండేవి. 2002 నుంచి ఇంటర్నెట్ మీద విదేశీ ఫోనుకు మాట్లాడనిచ్చేవారు, దేశంలోని ఫోనుకు కాదు. విదేశీ కాల్స్‌ను దొంగదారిలో తెచ్చి సిమ్ముల పెట్టెల ద్వారా లోకల్ కాల్స్‌గా మార్చేవాళ్లను పోలీసులు పట్టుకున్న వార్తలు వచ్చినప్పుడల్లా అమ్మగారు కంగారుపడేవారు. ఈ పెట్టె కాల్ మన దేశంలో లోకల్ కాల్‌గా మారనే మారదని మాస్టారు ధైర్యం చెప్పేవారు.

నిమిషాల లెక్క లేని కాల్ ఎలా ఉంటుందో ఈ పెట్టె చూసింది. అమ్మాయి ఫోను స్పీకర్లో పెట్టి కూర తరుగుతుంది. ఇటు అమ్మగారు చిక్కుళ్లు ఒలుస్తుంటారు. కత్తిపీట చప్పుడు అటునుంచి, కుక్కరు విజిల్ ఇటునుంచి. పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఆ పది నిమిషాల మౌనాన్ని కూడా ఈ పెట్టె సెకనుకు యాభై ముక్కల చొప్పున మోసింది, ముప్పై వేల ముక్కలు. బూతు మీటరు దగ్గర మౌనానికి ఖరీదుండేది. ఇక్కడ అది ఒకే వంటింట్లో కూర్చున్నట్టుండేది. మధ్యలో అమ్మగారు ఉన్నట్టుండి, “మొన్న నువ్వేదో బాధగా ఉన్నట్టనిపించింది, ఏంటే?” అంటారు. అప్పుడు అసలు మాట మొదలవుతుంది.

2015లో వాట్సాప్‌లో మాటల కాల్స్ వచ్చాయి. 2016 నవంబరులో వీడియో వచ్చింది. అమ్మగారు మనవడి ముఖం చూడటానికి దానికి మారిపోయారు. మాస్టారికి మాత్రం చెవికి ఆనించుకునే రిసీవరే కావాలి. ఆయన కోసం వారానికి రెండుసార్లు ఈ పెట్టె మోగేది. 2018 చివర్లో ఆయన వెళ్లిపోయారు. స్టార్ 78 నొక్కేవాళ్లు లేక కొన్ని రాత్రులు ఎవరెవరో అమ్మకాల వాళ్ల కాల్స్ మోగి ఆగిపోయాయి.

2019లో అమ్మాయి వచ్చి అమ్మగారిని ఎడిసన్ తీసుకెళ్లింది. ఈ పెట్టె నంబరును తన ఫోనుకు మార్చుకుని, పెట్టెను మాత్రం తువ్వాలులో చుట్టి సూట్‌కేసులో పెట్టింది. ఎక్కడ మొదలైందో అక్కడికే, అలమర మీద ఆ పాత అట్టపెట్టె పక్కకే చేరింది. నంబరు లేని పెట్టెకు అరనిమిషానికొకసారి కబురు పంపవలసిన పని లేదు.

అయితే వంటింట్లో మాటలు ఇక్కడికి వినిపిస్తాయి. బయల్దేరే ముందు అమ్మగారు తెనాలిలో బీఎస్ఎన్ఎల్ వింగ్స్ తీసుకున్నారు. 2018 జులైలో వచ్చిన సేవ అది, అప్పట్లో ఏడాదికి 1,099 రూపాయలు. యాప్‌లో పది అంకెల భారతీయ నంబరు, ప్రపంచంలో ఎక్కడ ఇంటర్నెట్ ఉంటే అక్కడ మోగుతుంది. బ్యాంకు ఓటీపీల కోసం పాత సిమ్ము వేరే చిన్న ఫోనులో ఉంది. ఎడిసన్ గట్టు మీద ఇప్పుడు భారతీయ నంబరు మోగుతుంది. తెనాలిలో ఉన్న చెల్లెలికి అది విదేశీ కాల్ కాదు. అమ్మగారు దానికి జంట మోతే పెట్టించుకున్నారు, ట్రింగ్-ట్రింగ్ అని.

రాత్రి తొమ్మిదిన్నరకు అది మోగుతుంది. తెనాలిలో అప్పుడు ఉదయం ఏడు.

“అక్కా, పాలు పొంగుతున్నాయే, ఉండు,” అని అటు చెల్లెలు రిసీవరు పక్కన పెట్టేసి పోతుంది. గ్లాసులు కదులుతున్న చప్పుడు, ఎక్కడో రిక్షా బెల్లు, వీధిలో కూరగాయలమ్మి కేక. అమ్మగారు ఫోను కట్ చేయరు. గట్టు మీద మోచేయి ఆనించి, వింటూ నిలబడతారు.